తల కోసిన ప్రతుల పాఠకులు

1979లో నేను రేణిగుంట జంక్షన్‌లో పుస్తకాల స్టాలుకు మేనేజరుగా ఉండేవాణ్ణి. మేనేజరు అనేది కంపెనీ కాగితాల మీది మాట. స్టాలు తెరవడం, దుమ్ము దులపడం, కట్టలు విప్పడం, చిల్లర ఇవ్వడం, మళ్ళీ తలుపులు వేయడం అన్నీ నేనే. తిరుపతి నుంచి పొద్దున రైల్లో వచ్చి సాయంత్రం రైల్లో ఇంటికి పోయేవాణ్ణి. పడుకునే ముందు ఆనాటి సంగతులు డైరీలో రాసుకోవడం నాకు చిన్ననాటి అలవాటు. ఇప్పుడు చెప్పబోయేది మాత్రం డైరీ తియ్యకుండానే చెప్పగలను.

జంక్షన్‌లో పుస్తకాల వ్యాపారం బజారులో వ్యాపారం లాంటిది కాదు. రేణిగుంటలో కడప వైపు నుంచి మద్రాసు పోయే పెద్ద లైను, పాకాల, చిత్తూరు మీదుగా కాట్పాడి పోయే మీటర్ గేజి చిన్న లైను కలుస్తాయి. చిన్న బండి దిగినవాళ్ళకు పెద్ద బండి వచ్చేదాకా పని ఉండదు. ఆ ఖాళీయే మా పెట్టుబడి. వచ్చినవాళ్ళు ముందు బండి సంగతి అడుగుతారు, తర్వాత వారఫలాలు చూస్తారు, ఆ తర్వాత గాని పుస్తకం కొనరు. చాలామంది వారఫలాల దగ్గరే ఆగిపోతారు.

పత్రికల వ్యాపారంలో 'రిటర్న్స్' అని ఒక మాట ఉంది. కొత్త సంచిక వచ్చేసరికి పాత సంచికలో అమ్ముడుపోనివాటిని ఏజెంటుకు తిప్పి పంపాలి. కట్టలన్నీ పంపితే రైలు ఛార్జీ దండగ. అందుకని ముఖచిత్రం పైభాగాన పత్రిక పేరున్న పట్టీని మాత్రం కత్తిరించి పంపితే చాలు. ఆ పట్టీ చేరితే ఆ ప్రతి అమ్ముడుపోలేదని వాళ్ళు రాసుకుంటారు. తల పోయిన మొండెం మా దగ్గరే ఉంటుంది. దాన్ని అమ్మకూడదన్నది నియమం. చించి పారేయవచ్చు, లేదా ఎవరికైనా ఊరికే ఇవ్వవచ్చు. నాకంటే ముందు పనిచేసినాయన కాలం నుంచీ రేణిగుంటలో ఆ తల కోసిన ప్రతులు వెయిటింగ్ హాళ్ళకూ రన్నింగ్ రూముకూ పోయేవి. రన్నింగ్ రూం అంటే వేరే ఊళ్ళ నుంచి బండి తోలుకొచ్చిన డ్రైవర్లు, ఫైర్‌మన్లు, గార్డులు మళ్ళీ డ్యూటీ పడేదాకా వండించుకు తిని నడుం వాల్చే విడిది.

ఆ ఏడాది మద్రాసు నుంచి వచ్చే ఒక కొత్త వారపత్రికలో 'ఆకుకట్టు' అనే నవల మొదలైంది. రాసినావిడ ఎం. అలివేలు. ఎవరో, ఏ ఊరో పత్రికవాళ్ళు వేయలేదు. కథ మాత్రం మా పక్కదే. ఊరి పేరు చెప్పకపోయినా అది పుత్తూరే అని చదివినవాడికల్లా తెలుస్తుంది. విరిగిన ఎముకలకు ఆకుపసరు కట్టు కట్టించుకోవడానికి ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళు వారాల తరబడి ఉండే ఊరు. అక్కడ మొగుడు వదిలేసిన చెంగమ్మ అనే ఆమె అత్తవారింటి ముందు గదిలో ఆ రోగులకు అన్నం వండి పెడుతూ బతుకుతుంటుంది. బావగారికి ఆ గది సైకిలు షాపుకు కావాలి. కాలు విరిగి వచ్చిన ఒక లారీ డ్రైవరు ఆమె చేతి అన్నం తింటూ ఉంటాడు. ఇంతే కథ. హత్యలు లేవు, పెద్ద మేడలు లేవు.

పత్రిక కూడా అలాంటిదే. సినిమా కబుర్లు ఉండవు, బొమ్మలు తక్కువ. సగానికి సగం మిగిలిపోయేది. కానీ శుక్రవారం వచ్చిందంటే ఖాదర్ అనే ఫైర్‌మన్ స్టాలు ముందు నిలబడి, "సామీ, తలకాయలు కోసేస్తివా? ఆడ మా మునిరత్నం అన్న కళ్ళజోడు తుడ్చుకోని కూసోని ఉండాడు" అనేవాడు. మేము తిరుపతి వైష్ణవులం గనుక స్టేషన్లో అందరికీ నేను 'సామి'నే.

కార్తీకమాసం ముసురులో ఒక శుక్రవారం మధ్యాహ్నం కోడూరు అవతల పట్టాల మీదికి నీళ్ళొచ్చాయని మద్రాసు బండి ఆలస్యమైంది. చిన్న లైను బండి దిగిన ఒకావిడ చాలాసేపు లేడీస్ వెయిటింగ్ హాల్లో కూర్చుని, తర్వాత స్టాలు దగ్గరికి వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. ఆకుపచ్చ నేత చీర. భుజానికి గుడ్డ సంచి, దాన్ని చేత్తో అదిమి పట్టుకుని ఉంది. 'ఆకుకట్టు' వచ్చే పత్రిక తీసి, పేజీలు తిప్పకుండానే మళ్ళీ పెట్టేసింది.

"ఇది బాగా పోతుందా అండీ?" అని అడిగింది.

"లేదమ్మా. సగం వెనక్కి పోతాయి," అన్నాను.

"ఈ స్టేషన్లో కూడానా?"

"ఈ స్టేషన్లో ఇంకొంచెం ఎక్కువే."

వ్యాపారం గురించి అడిగితే ఉన్నది చెప్పడం నా పద్ధతి. కానీ ఆ మాట విన్నాక ఆవిడ ముఖం పత్రిక కొనేవాళ్ళ ముఖంలా లేదు. బల్ల అంచు పట్టుకుంది.

"అయితే ఆయన చెప్పింది నిజమే," అంది.

"ఎవరమ్మా?"

"సంపాదకుడు. మా స్కూలుకు ట్రంకాల్ చేసి చెప్పినాడు. మీ జిల్లా నుంచే రిటర్న్స్ ఎక్కువగా వస్తా ఉండాయి, సొంత జిల్లావాళ్ళే చదవకుంటే ఇంకెవరు చదువుతారు అన్నాడు. చెంగమ్మకు, లారీ ఆయనకు పెండ్లి చేసి మూడు వారాల్లో ముగించెయ్యమన్నాడు." ఆమె సంచిని తట్టింది. "ముగించేసినాను. ఇదిగో, ఇచ్చేదానికే పోతా ఉండాను. ఇది ఇచ్చేస్తే నా పని అయిపోతాది. ఇంక రాయను."

అలివేలు అంటే ఈవిడేనని అప్పుడు తెలిసింది. చిత్తూరులో తెలుగు టీచరట. స్టాలులో ఉన్న ఒకే స్టూలు ఆవిడకు వేశాను. ఇన్నేళ్ళూ పట్టీలు కత్తిరించి పంపుతున్నాను గాని, అవతల ఎవరో ఒకరు ఆ పట్టీలను చూసి తనను ఎవరూ చదవడం లేదనుకుంటారని నాకు తట్టలేదు.

"తిరిగి పోయినవన్నీ చదవనివి కాదమ్మా," అన్నాను. పట్టీల సంగతి, మొండేల సంగతి చెప్పాను. "కొన్న ప్రతిని ఒకరు చదువుతారు. కొననిదాన్ని ఇక్కడ పదిమంది వింటారు."

ఆవిడ నవ్వింది గాని నమ్మలేదు. "మీరు పెద్దవాళ్ళు. ఓదార్చేదానికి చెప్తా ఉండారు."

"ఓదార్పు నాకు చేతకాదు. బండికి ఇంకా వ్యవధి ఉంది. ఒక్కసారి నాతో రండి. మీరెవరో నేను చెప్పను."

స్టాలుకు తాళం వేసి, ఆ శుక్రవారం మొండేల కట్ట చంకన పెట్టుకుని, గొడుగు ఆవిడకిచ్చి నడిచాను. రన్నింగ్ రూం వరండాలో ఎప్పటిలాగే సభ తీరి ఉంది. మునిరత్నం గుంతకల్లు డ్రైవరు. బండ మనిషి. కళ్ళజోడు ఒక పక్క పుల్ల విరిగితే దారం కట్టుకున్నాడు. చదవడం మొదలుపెడితే హరికథ చెప్పినట్టు గొంతు ఎత్తి దించి చదివేవాడు. ఆయనకు ఒక పక్కన ఖాదర్. బొగ్గు చేతులతో పేజీలు ముట్టుకోకూడదని వాడికి ఆజ్ఞ. ఇంకో పక్కన లేడీస్ వెయిటింగ్ హాలు చూసుకునే నాగమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. ఆమెకు చదువు రాదు. అభిప్రాయాలు మాత్రం అందరికంటే ఎక్కువ.

"చిత్తూరు టీచరమ్మ. బండి కోసం కాచుకొని ఉంది," అన్నాను.

"కూసోమ్మా, కూసో. నువ్వు గూడా ఇను. మంచి కత," అని నాగమ్మ గోనెపట్టా జరిపింది.

మునిరత్నం మొండెం అందుకుని చదివాడు. ఆ భాగంలో బావగారు వంటగదికి తాళం వేసుకుని పోతాడు. చెంగమ్మ ఏమీ అనకుండా వీధిలోకి వచ్చి మూడు రాళ్ళు పెట్టి పొయ్యి వెలిగిస్తుంది. కట్లు కట్టుకున్నవాళ్ళు ఒక్కొక్కరే కుంటుకుంటూ వచ్చి ఆ పొయ్యి చుట్టూ కూర్చుంటారు. అంతటితో 'సశేషం'.

"ఆ లారీ ఆయన ఏం జేస్తా ఉండాడన్నా?" అన్నాడు ఖాదర్. "కట్టు ఇప్పేసినారు గదా. లేసి ఆ బావని ఒగటి పెరికితే సరిపోలా?"

"కట్టు ఇప్పిన వారానికే కొట్టేదానికి పోతే మళ్ళా ఇరుగుతాది రా. ఇంగో నెల పండుకోవాల," అన్నాడు మునిరత్నం.

"మీ మొగోళ్ళకు కొట్టేది తప్ప ఇంగోటి తెలీదు," అంది నాగమ్మ. "ఆయమ్మ నోరు మెదపకుండా రోడ్డు మింద పొయ్యి ఎలిగించింది సూడు, అదీ దెబ్బ. ఊరంతా సూస్తారు. ఆ బావ రేపు మొకం యాడ పెట్టుకుంటాడు?"

అలివేలు గారు గోనెపట్టా మీద ఒద్దికగా కూర్చుని వింటోంది. కాసేపటికి, "ఆమె ఆ లారీ ఆయన్ని చేసుకొని వెళ్ళిపోతే బాగుంటాది కదా? కష్టాలన్నీ తీరిపోతాయి," అంది. పరీక్ష పెట్టే టీచరు గొంతు కాదది. నిజంగా అడుగుతోంది.

ఖాదర్ పగలబడి నవ్వాడు. "డ్రైవర్ని చేసుకుంటే కష్టాలు తీరతాయా! టీచరమ్మా, ఈయప్ప పెండ్లాన్ని అడుగు. వారానికి ఒక దినం ఇంటికి పోతే ఎవురప్పా నువ్వు అంటాదంట."

"నీకు పెండ్లి కానీరా, నీ సంగతి నేను సూస్తా," అన్నాడు మునిరత్నం.

నాగమ్మ చేట కింద పెట్టింది. "సుఖపడేదుంటే పడనీమ్మా, నేను కాదనను. అయితే ఒగటి సెప్పు. మెడ్రాసు నించి, బెంగులూరు నించి కాళ్ళిరిగినోళ్ళు వస్తారే, ఆయమ్మ పోతే వాళ్ళకు కూడు ఎవురు పెడతారు? ఈ కత రాసే ఆడమనిషి అంత మతి లేంది కాదు. చెంగమ్మను ఆడ్నించి లేపదు."

"ఆడమనిషి అని నువ్వు సూసినావా?" అన్నాడు మునిరత్నం. "మొగోళ్ళే ఆడోళ్ళ పేర్లు పెట్టుకోని రాస్తారు ఈ కాలంలో. లారీ తోలేవాడి నడుం నెప్పి సంగతి ఇంత బాగా ఆడదానికి ఎట్ల తెలుస్తాది?"

"మొగోడైతే ఈపాటికి పెండ్లి జేసేసి ఉంటాడు," అంది నాగమ్మ.

అలివేలు గారి చెయ్యి సంచి మీదికి పోయింది. ఆ సంచిలో పెళ్ళి ఉందని అక్కడ నాకొక్కడికే తెలుసు. ఆవిడ, "ఒకవేళ వచ్చే వారం కత అయిపోతే?" అంది మెల్లగా.

"ఎట్లయిపోతాదమ్మా!" మునిరత్నానికి కోపం వచ్చింది. "పొయ్యి మింద ఎసరు పెట్టి, బియ్యం పొయ్యకుండా ఎవురన్నా లేసిపోతారా?"

తిరిగి ప్లాట్‌ఫారం మీదికి వచ్చాం. స్టాలు దగ్గర గొడుగు ముడిచి ఇస్తూ, "అయితే నా పాఠకుల్ని ఇన్నాళ్ళూ మీరు దాచిపెట్టుకున్నారు," అంది.

"మీ పత్రికవాళ్ళు తలలే అడిగారమ్మా. మొండేల సంగతి ఎప్పుడూ అడగలేదు."

ఆవిడ ఈసారి గట్టిగా నవ్వింది. నాకు ధైర్యం వచ్చి, కావాలంటే వీళ్ళందరి చేత సంపాదకుడికి కార్డులు రాయిస్తానన్నాను. వద్దంది. "వాళ్ళు విన్నారు, తిట్టుకున్నారు, నవ్వినారు. మళ్ళా వాళ్ళ చేత సర్టిఫికెట్టు కూడా రాయించుకుంటే, అది అడుక్కున్నట్టు ఉంటాది." ఇంతలో మద్రాసు బండి సిగ్నలు పడింది. రద్దీలో ఆవిడ ఎక్కడం చూశానే గాని, ఏం చేయబోతోందో అడిగే వ్యవధి దొరకలేదు.

ఆ తర్వాతి కట్టలను నేను ఆత్రంగా విప్పిన మాట నిజం. మొదటి వారం కథ మామూలుగానే నడిచింది. రెండో వారం భాగం చివర పెళ్ళి లేదు, సశేషమూ లేదు. 'మొదటి భాగం సమాప్తం. మిగిలినది పుస్తకంగా' అని చిన్న అక్షరాల్లో వేశారు. తర్వాత ఎప్పుడో ఆవిడ చెబితే తెలిసింది. పెళ్ళి చేసి ముగించడమో, ఉన్నచోట ఆపెయ్యడమో ఏదో ఒకటి తేల్చుకోమన్నాడట సంపాదకుడు. ఆయనది తప్పనలేం, ఆయనా పట్టీలు లెక్కపెట్టుకోవలసినవాడే. ఆవిడ ఆపెయ్యమంది. సంచిలో ఉన్న కాగితాలను సంచిలోనే పెట్టుకుని వెనక్కి వచ్చింది.

రన్నింగ్ రూములో పెద్ద రభస జరిగింది. మునిరత్నం నేరుగా స్టాలు మీదికి వచ్చాడు.

"సామీ, ఆ పొద్దు నువ్వు పిల్సుకొచ్చిన టీచరమ్మ నోరు మంచిది కాదప్పా! వచ్చే వారం అయిపోతే అని అన్నింది, అయిపోయినాది. ఇంగెప్పుడూ ఆయమ్మను ఈ పక్కకు పిల్సుకోని రావద్దు."

చెప్పనని ఆవిడకు మాట ఇచ్చింది ఆ ఒక్క పూటకే గదా అని, అప్పుడు చెప్పాను ఆ టీచరమ్మ ఎవరో. మునిరత్నం కళ్ళజోడు తీసి చేత పట్టుకున్నాడు.

"నేను మొగోడని అంటినే! ఆయమ్మ మొకం మిందనే!"

వెనకాల చీపురు పట్టుకుని నిలబడిన నాగమ్మకు ఆ రోజు పండగే. వెయిటింగ్ హాల్లో బండి దిగినవాళ్ళకూ ఎక్కబోయేవాళ్ళకూ చెప్పింది, ఆడమనిషేనని తను ముందే చెప్పినట్టు.

రెండేళ్ళు గడిచాయి. ఆ మధ్యలో ఆవిడ రేణిగుంటలో బండి మారినప్పుడు ఒకటి రెండుసార్లు కనబడింది. "రాస్తా ఉండాను" అని ఒక్క మాట అనేది. నేనూ ఇంకేమీ అడిగేవాణ్ణి కాదు. 1981లో మద్రాసులో ఒక చిన్న ప్రచురణకర్త 'ఆకుకట్టు'ను పూర్తి నవలగా వేశాడు. పుస్తకాల్లో 'ఫర్మ్ సేల్' అనే పద్ధతి ఉంది. అంటే స్టాలువాడు తెప్పించుకున్నది తిరిగి పంపే వీలు లేదు, అమ్ముకున్నా ఉంచుకున్నా అతనిదే భారం. నాకు తెలిసి రేణిగుంట స్టాలు తెలుగు నవలను ఫర్మ్ సేల్ మీద ఒక కట్ట తెప్పించడం అదే మొదలు. కంపెనీ ఇన్‌స్పెక్టరు అడిగితే, "ఇక్కడ అడిగేవాళ్ళున్నారు" అన్నాను.

అడిగేవాళ్ళున్నారు గాని, ఊరికే చదవడానికి అలవాటు పడినవాళ్ళు. ఎలా పోతుందోనని నాకు లోపల గుబులే. కొన్ని ప్రతులు చిత్తూరు వైపు వెళ్ళేవాళ్ళు కొన్నారు. రన్నింగ్ రూంవాళ్ళు అందరూ తలా కాస్త వేసుకుని ఒకే ఒక్క ప్రతి కొన్నారు. ఇంతేనా అనిపించింది. ఆ ప్రతి సంగతి తర్వాత గాని తెలియలేదు. మునిరత్నం చదవడం అయ్యాక దాన్ని గుంతకల్లు పోయే బండిలో ఇంకో డ్రైవరుకు ఇచ్చాడు. అక్కడి నుంచి అది ఇంజన్ల మీద, గార్డు పెట్టెల మీద అరక్కోణం దాకా పోయి వస్తోంది. అది చేతికి అందనివాళ్ళు కొందరు స్టాలుకు వచ్చి సొంతంగా కొనుక్కుపోయారు. నేను తెప్పించిన కట్టలో చివరికి ఏమీ మిగల్లేదు.

నవల్లో చెంగమ్మ ఎక్కడికీ పోదు. పెళ్ళీ చేసుకోదు. వీధి పొయ్యి మీదే వండుతూ, ఎదురుగా ఒక పాక వేసుకుంటుంది. లారీ ఆయన ఆ దారిన పోయినప్పుడల్లా ఆగి ఒక మోపు కట్టెలు దించి పోతుంటాడు. మునిరత్నానికి అది నచ్చలేదు. "కాలు బాగయిన మనిషికి కట్టెలు మోసేదేనా గతి? ఒగ పూట ఆడనే తిని పండుకోమని అనకూడదా?" అని నెలల తరబడి వాదించాడు. తనవాళ్ళకు అన్యాయం జరిగిందని ఆయన అభిప్రాయం. ఖాదర్‌కు మాత్రం బాగా నచ్చింది. అప్పటికి వాడికి పెళ్ళయింది.

ఒక రోజు అలివేలు గారు చిన్న బండి దిగి నేరుగా నా దగ్గరికి వచ్చింది. చేతిలో కొత్త ప్రతి ఒకటి ఉంది. రన్నింగ్ రూంవాళ్ళు చదివి నలిగిన ప్రతి దాచుకోవడానికి తనకు కావాలని, బదులుగా ఈ కొత్తది ఇస్తానని అంది. ఇద్దరం వెళ్ళాం.

"అది ఈడ లేదు టీచరమ్మా," అన్నాడు మునిరత్నం లేచి నిలబడి. పాత మాట గుర్తొచ్చి ఆయన తల ఎత్తడం లేదు. "ఏదో బండిలో ఉండాది. అది వచ్చేటప్పటికి ఇంగెవురో కాసుకోని ఉంటారు. అది ఇచ్చేదానికి కాదు." ఆమె చేతిలోని కొత్త ప్రతిని చూశాడు. "అయితే ఇది ఇచ్చిపో. చిన్న లైనుకు పంపిస్తాం."

ఆవిడ ఇచ్చేసింది. అప్పుడు నాగమ్మ పట్టుబట్టింది, రాసిన మనిషి నోటితోనే కథ వినాలని. అలివేలు గారు కాదనలేక వరండాలో కూర్చుని మొదటి పేజీ చదివింది. స్పష్టంగా, తరగతిలో పాఠం చదివినట్టు చదివింది. అందరూ మర్యాదగా విన్నారు.

పేజీ అయ్యాక ఖాదర్ గొంతు సవరించుకున్నాడు. "బాగుండాది టీచరమ్మా. తప్పుగా అనుకోవద్దు. మా అన్న సదివినంత బాగా లేదు."

"ఒరే!" అని మునిరత్నం వాడి మీదికి చెయ్యెత్తాడు. అలివేలు గారు మాత్రం నవ్వుతూనే పుస్తకాన్ని ఆయన ఒళ్ళో పెట్టి, గోనెపట్టా మీదికి జరిగి, నాగమ్మ పక్కన వినేవాళ్ళలో కూర్చుంది. మునిరత్నం దారం కట్టిన కళ్ళజోడు సర్దుకుని గొంతెత్తాడు. చిత్తూరు బండి గంట కొట్టేదాకా ఆవిడ అక్కడి నుంచి లేవలేదు.

స్టాలులో ఇంకా చాలా ఏళ్ళు పనిచేశాను. అమ్మినదానికి లెక్క రాశాను, తిప్పి పంపినదానికి లెక్క రాశాను. రెండూ తప్పు లెక్కలు కావు. చదివినవాళ్ళ లెక్క మాత్రం ఆ రెంటిలోనూ ఉండదని ఆ ముసురు రోజున నేర్చుకున్నాను. తర్వాత ఏ రచయితైనా స్టాలు ముందు నిలబడి, "నా పుస్తకం పోతోందా అండీ?" అని అడిగితే ఉన్న సంగతి ఉన్నట్టే చెప్పేవాణ్ణి. చెప్పి, బండికి వ్యవధి ఉంటే, గొడుగు తీసుకుని లేచేవాణ్ణి.